వెనక కూలబడ్డ పాత కారు: తప్పంతా షాకర్లదేనా?

పాత కారు వెనక భాగం కిందికి దిగి కనిపిస్తే అందరి చూపూ ముందు షాకర్ల (షాక్ అబ్జార్బర్ల) మీదే పడుతుంది. నేనూ అదే చేశాను. ఒక సెలవు రోజంతా కారు కింద దొర్లి, పాత షాకర్లు రెండూ పీకేసి కొత్తవి బిగించి, జాకీ దించి, నాలుగడుగులు వెనక్కి వేసి చూశాను. డిక్కీ పొద్దున ఎంత కిందికి ఉందో సాయంత్రమూ అంతే ఉంది. గతుకులో పడ్డప్పుడు వినిపించే 'టక్' చప్పుడు కూడా ఎక్కడికీ పోలేదు.

షాకర్లు పాడైన మాట నిజమే, మార్చడం తప్పు కాదు. కానీ నేను పోగొట్టాలనుకున్న రెండు జబ్బులకూ వాటితో సంబంధం లేదు. మామూలు షాకర్ కారు బరువు మొయ్యదు. బరువు మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు ఊపును ఆపేది షాకర్. చక్రాన్ని దాని చోట పట్టి ఉంచేవి ఆర్మ్‌లు (చక్రాన్ని బాడీకి కలిపే ఇనుప చేతులు), యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఇరుసు), వాటి కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌లు. ఇవన్నీ పక్కపక్కనే ఉంటాయి, ఒకే బురదలో తడుస్తాయి, ఇంచుమించు ఒకేసారి ముసలివవుతాయి. అందుకే 'వెనక సస్పెన్షన్ పోయింది' అని ఒక్క మాటలో తేల్చేస్తాం. ఏ లక్షణం దేనిదో విడదీసుకుంటే గానీ ఏం కొనాలో, ఏం విప్పాలో తెలియదు.

ఎత్తు తగ్గిందా? స్ప్రింగును అడగాలి

కారు ఎంత కూర్చుందో కంటితో చూసి తీర్పు చెప్పకూడదు, టేపు పెట్టి కొలవాలి. చదునైన నేల మీద, డిక్కీ ఖాళీ చేసి, టైర్లలో గాలి సరిగ్గా ఉంచి, కారును కొంచెం ముందుకీ వెనక్కీ నెట్టి ఆపండి. చక్రం నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాకా ఎంతుందో రెండు వైపులా చూడండి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. చక్రం మధ్య నుంచైతే ఆ గొడవ ఉండదు. ఈ రెండు అంకెలూ రాసి పెట్టుకోండి, తర్వాత వీటితో పని ఉంది.

మాన్యువల్‌లో ఉన్న ఎత్తు కంటే రెండు వైపులా ఒకేలా తగ్గితే, ఏళ్ల తరబడి మోసిన బరువుకు స్ప్రింగులు కుంగాయన్నమాట. ఒక్క వైపే బాగా తగ్గితే ముందు అనుమానించాల్సింది విరిగిన స్ప్రింగును. కాయిల్ స్ప్రింగు చాలాసార్లు చివరి చుట్టు దగ్గరే విరుగుతుంది. అది కూర్చునే గిన్నెలో నీళ్లూ మట్టీ నిలుస్తాయి. రాయి తగిలో, గిన్నెకు రాసుకునో రంగు లేస్తుంది. అక్కడ తుప్పు చిన్న గుంట పెడుతుంది. చక్రం ఎగిరి పడ్డ ప్రతిసారీ ఒత్తిడంతా ఆ గుంట దగ్గరే పోగై సన్నటి పగులు పుడుతుంది, అది మెల్లగా లోపలికి పాకుతుంది. విరిగిన ముక్క గిన్నెలోనే ఉండిపోతుంది కాబట్టి పైకి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. టార్చి వేసి చుట్టు చివర ఎక్కడ ఆగిందో చూసి రెండో వైపుతో పోల్చండి. ఫ్యాక్టరీలో కోసిన చివరకూ, విరిగిన గరుకు చివరకూ తేడా ఇట్టే తెలిసిపోతుంది.

కుంగిన స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు ముక్కలు దూర్చి ఎత్తు పెంచే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది. ఎత్తు పెరిగేది నిజమే. కానీ ముక్క దూర్చిన చుట్టు పని మానేస్తుంది, దాని పని కూడా మిగతా చుట్లు చేయాలి. అప్పటికే అలిసిపోయిన ఇనుముకు ఇది మందు కాదు.

కమాన్ కట్టలున్న (పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన లీఫ్ స్ప్రింగులున్న) కార్ల సంగతి కొంచెం వేరు. అక్కడ స్ప్రింగు బరువు మోయడంతో పాటు యాక్సిల్‌ను ముందుకీ వెనక్కీ కదలకుండా పట్టుకోవడం కూడా తానే చేస్తుంది. పట్టీల మధ్య రాపిడి వల్ల కొంత ఊపు కూడా అదే చంపుకుంటుంది. కాబట్టి అక్కడ వంపు తగ్గిందా అని మాత్రమే చూస్తే చాలదు. పట్టీల్లో పగులుందా, మధ్య బోల్టు తెగిందా, కట్ట చివరన ఊగే షాకిల్ బుష్‌లు అరిగాయా అనేవీ చూడాలి. మధ్య బోల్టు తెగితే యాక్సిల్ ఒక పక్క జరిగిపోయి, కారు రోడ్డు మీద కొంచెం ఏటవాలుగా నడుస్తుంది. వెనకాల వచ్చేవాళ్లకు అది మనకంటే ముందే కనిపిస్తుంది.

స్ప్రింగంటే ఇనుమే కావాలని కూడా లేదు. 1959లో వచ్చిన మినీ కారుకు అలెక్స్ మౌల్టన్ రబ్బరు శంకువుల్నే స్ప్రింగులుగా పెట్టాడు. అవీ ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి, కుంగి, కారును కిందికి కూర్చోబెడతాయి.

ఎత్తు తగ్గడం చూపుకు బాగుండదన్నంత వరకే అనుకోకండి. వెనక కూర్చుంటే ముందు లైట్లు పైకి లేచి ఎదుటివాళ్ల కళ్లలో పడతాయి. ఇంకో ముప్పు బ్రేకుల్లో ఉంది. ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు జామవకుండా చూసే ఏర్పాటు) లేని పాత కార్లు చాలావాటిలో వెనక యాక్సిల్‌కూ బాడీకీ మధ్య ఒక చిన్న లింకు, దానికొక వాల్వు ఉంటాయి. బాడీ కిందికి దిగితే డిక్కీలో బరువుందని ఆ వాల్వు అనుకుని వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి వదులుతుంది. స్ప్రింగు కుంగిన ఖాళీ కారు దాన్ని అలాగే మోసం చేస్తుంది. తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కితే వెనక చక్రాలు ముందుగా జామయ్యి, తోక పక్కకు జారే ప్రమాదం ఉంటుంది. ఇలాంటి కారుకు ఎప్పుడు స్ప్రింగులు మార్చినా మాన్యువల్ చెప్పినట్టు ఈ వాల్వు సెట్టింగు కూడా చూసుకోవాలి.

చేత్తో నొక్కితే తెలిసేది సగమే

షాకర్ లోపల నూనె, అందులో కదిలే పిస్టన్, పిస్టన్‌లో చిన్న చిన్న దారులు ఉంటాయి. చక్రం కదిలినప్పుడల్లా నూనె ఆ ఇరుకు దారుల్లోంచి దూరి వెళ్లాలి. ఆ దూరడంలో ఊపు వేడిగా మారిపోతుంది. గతుకుల రోడ్డు మీద చాలాసేపు నడిపాక షాకర్‌ను తాకితే వెచ్చగా ఉండేది అందుకే. ఒకటి వెచ్చగా, రెండోది చల్లగా ఉంటే చల్లగా ఉన్నదాన్ని అనుమానించాలి, అది పని చేయకపోయి ఉండొచ్చు.

కారు మూలను గట్టిగా నొక్కి వదిలి, ఎన్నిసార్లు ఊగుతుందో చూసే పరీక్ష అందరికీ తెలుసు. ఒకసారి లేచి కుదురుకుంటే మంచిది, మూడు నాలుగుసార్లు ఊగితే షాకర్ చచ్చినట్టే. కానీ ఈ పరీక్షలో నెగ్గిన షాకర్ బాగుందని నమ్మకూడదు. కారు బాడీ స్ప్రింగుల మీద సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగుతుంది. మనం చేత్తో ఊపగలిగేది ఆ వేగంతోనే. చక్రమూ యాక్సిలూ మాత్రం టైరు మీద సెకనుకు సుమారు 10 నుంచి 15 సార్లు అదురుతాయి. ఆ అదురును ఆపే బాధ్యత కూడా షాకర్‌దే, దాన్ని చేత్తో ఎవరూ పరీక్షించలేరు. దానికి సాక్ష్యం చెప్పేది టైరు. అరచేతిని టైరు పళ్ల మీద చుట్టూ నిమిరి చూడండి. కాస్త ఎత్తు, కాస్త పల్లం, మళ్లీ ఎత్తు అన్నట్టు అలలు తగిలితే ఆ చక్రం రోడ్డు మీద దొర్లడం మానేసి గెంతుతూ వెళ్తోందని అర్థం. అలా గెంతే చక్రం నేలను వదిలిన క్షణాల్లో బ్రేకుకు కూడా అందదు.

షాకర్ ఒంటి మీద పల్చటి నూనె చెమ్మ ఉంటే కంగారు పడక్కర్లేదు. రాడ్ లోపలికీ బయటికీ తిరుగుతున్నప్పుడు సీలును తడిపే నూనె కొంచెం పైకి వస్తుంది. ధారగా కారి, దాని మీద మట్టి అంటుకుని నల్లటి ముద్ద అయి ఉంటే మాత్రం అది లీకే. అనుమానంగా ఉంటే తుడిచేసి, నాలుగు రోజులు నడిపి మళ్లీ చూడండి.

రబ్బరు

నన్ను ఎక్కువ కాలం మోసం చేసింది ఇదే. బుష్ అంటే లోపల ఒక ఇనుప గొట్టం, బయట ఇంకో గొట్టం, రెండింటికీ అంటుకుపోయి మధ్యలో రబ్బరు. చాలామంది దీన్ని బేరింగ్ లాంటిదని, బోల్టు చుట్టూ తిరుగుతుందని అనుకుంటారు. తిరగదు. బోల్టు బిగించగానే లోపలి గొట్టం బ్రాకెట్‌కు అతుక్కున్నట్టు బిగిసిపోతుంది. బయటి గొట్టం ఆర్మ్ కంటిలో (ఆర్మ్ చివరన ఉండే గుండ్రటి రంధ్రంలో) బిగిసి ఉంటుంది. ఆర్మ్ పైకీ కిందికీ కదిలినప్పుడు తిరిగేది ఏదీ లేదు, మధ్య రబ్బరు మెలితిరుగుతుంది, అంతే. బట్ట పిండినట్టు కొంచెం మెలితిరిగి మళ్లీ యథాస్థానానికి వస్తుంది. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే, చివర్లో బోల్టులు ఎప్పుడు బిగించాలన్న నియమం ఎవరూ చెప్పక్కర్లేకుండానే అర్థమవుతుంది.

ఈ రబ్బరు ఎండకూ నూనెకూ వయసుకూ పగులుతుంది, గొట్టం నుంచి ఊడిపోతుంది. అప్పుడు చక్రం తన చోట ఉండదు. బ్రేకు తొక్కితే వెనక్కి లాగుతుంది, వదిలితే 'టక్'మని ముందుకొస్తుంది. మలుపులో స్టీరింగు తిప్పాక కారు తోక ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది, వెనక కూడా ఎవరో స్టీరింగు పట్టుకున్నట్టు ఉంటుంది. టైరు లోపలి అంచు మాత్రమే అరగడం కూడా దీని పనే కావచ్చు. చక్రం ముఖం తిరిగే దిశ కొద్దిగా మారితే చాలు, టైరు దొర్లడంతో పాటు రోడ్డును గీరుతూ పోతుంది.

చిన్న కార్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. 1974లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్‌తో బాగా ప్రాచుర్యంలోకి వచ్చిన వెనక యాక్సిల్ నమూనా, అంటే రెండు ఆర్మ్‌ల మధ్య మెలితిరిగే ఒక అడ్డ దూలం, ఆ తర్వాత లెక్కలేనన్ని చిన్న కార్లలో కనిపిస్తుంది. అందులో మొత్తం వెనక యాక్సిల్‌ను బాడీకి పట్టి ఉంచేవి ముందు వైపున్న రెండు పెద్ద బుష్‌లే. అవి సడలాయంటే ఆ వదులు రెండు చక్రాలకూ అంటుతుంది.

పరీక్ష కష్టమేం కాదు. కారు స్టాండ్ల మీద ఉండగా బుష్ పక్కన పొడవాటి కమ్మీ దూర్చి ఆర్మ్‌ను నెమ్మదిగా పెకలించండి. రబ్బరు కొంచెం సాగడం మామూలే. లోపలి గొట్టం రబ్బరు నుంచి విడిపోయి ఖాళీ కనిపించినా, ఇనుముకు ఇనుము తగిలినా అది అయిపోయినట్టే. పైన కనిపించే సన్న పగుళ్లను చూసి మాత్రం తీర్పు ఇవ్వకండి, కొన్ని బుష్‌లలో కావాలనే పెట్టిన సందులు ఉంటాయి.

ఇక్కడొక మినహాయింపు. ప్యూజో 205 లాంటి కార్ల వెనక ఆర్మ్‌లు రబ్బరు మీద కాకుండా సూది బేరింగుల మీద తిరుగుతాయి. సీలు పోయి నీళ్లు చేరితే బేరింగులు తుప్పుపట్టి, అవి తిరిగే గొట్టాన్నే తినేస్తాయి. వెనక చక్రాలు పైభాగం లోపలికి వాలి, కాళ్లు ఎడంగా చాపుకుని నిలబడ్డట్టు కనిపిస్తాయి. ఆ పని మొదటి ప్రయత్నంగా ఇంట్లో పెట్టుకోవద్దని నా సలహా.

చప్పుడు విషయంలో ఒక మాట. సస్పెన్షన్ మీద నేరం మోపేముందు స్టెప్నీ, జాకీ, పానాలు డిక్కీలోంచి తీసేసి ఒకసారి నడిపి చూడండి. సైలెన్సర్ వేలాడే రబ్బర్లు పట్టుకుని ఊపండి. వేగంతో పాటు పెరిగే ఏకధాటి రొద అయితే అది చక్రం తిరిగే హబ్ బేరింగ్ కావచ్చు. గతుకు పడ్డప్పుడే వచ్చేదైతే సస్పెన్షన్.

కింద దూరే ముందు

వెనక పనిలో ఒక తమాషా ఉంది. చాలా కార్లలో హ్యాండ్‌బ్రేక్ పట్టుకునేది వెనక చక్రాలనే. వాటిని గాల్లోకి లేపాక హ్యాండ్‌బ్రేక్ ఎంత గట్టిగా లాగినా ఉపయోగం లేదు. వెనక చక్రాలు నడిపే కారైతే గేరులో ఉంచినా అదే కథ. కాబట్టి ముందు చక్రాలకు రెండు వైపులా, ముందూ వెనకా గట్టి చెక్క దిమ్మలు పెట్టాలి. చక్రం నట్లు కారు నేల మీద ఉండగానే కొంచెం వదులు చేసుకోవాలి. జాకీ లేపడానికి మాత్రమే, నిలబెట్టడానికి స్టాండ్లు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద తల పెట్టడం గురించి చర్చే లేదు. ఇటుకలు కూడా వద్దు, బరువు ఒక మూల మీద పడితే ఇటుక చెప్పాపెట్టకుండా పగులుతుంది. జాకీని అడ్డ దూలం మధ్యలో పెట్టడం కూడా పొరపాటే. మెలితిరగడానికి చేసిన పల్చటి రేకు అది, వంగిపోతుంది.

ఇంకోటి, చాలా కార్లలో పెట్రోలు ట్యాంకు వెనక యాక్సిల్‌కు ఆనుకునే ఉంటుంది. తుప్పు బోల్టునో, పాత బుష్‌నో మంట పెట్టి కాల్చే పద్ధతి వీడియోల్లో సులువుగా కనిపిస్తుంది. బల్ల మీద వైస్‌లో పెట్టిన ఆర్మ్‌కైతే ఒక రకం, అక్కడా ఆ పొగ పీల్చకూడదు. కారుకు తగిలించి ఉండగా మంట మాటే ఎత్తకూడదు.

కొత్త సామాను కొనేముందు పాత సామాను కూర్చునే చోట్లను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. స్ప్రింగు పైగిన్నె, షాకర్ పై మౌంటు, ఆర్మ్ బ్రాకెట్లు గట్టిగా ఉండాలి. రేకు పెళుసుగా రాలిపోతుంటే ముందు వెల్డింగు పని, తర్వాతే మిగతావి.

విప్పడం

సగం సమయం బోల్టులకే పోతుంది. బోల్టు బుష్ లోపలి గొట్టంలో తుప్పుతో అతుక్కుపోయి ఉంటుంది. నట్టు ఊడినా బోల్టు కదలదు. తిప్పితే రబ్బరు సాగుతుంది, వదిలితే మళ్లీ వెనక్కి తిరుగుతుంది. రెండు మూడు రోజుల ముందు నుంచే రోజుకోసారి తుప్పు వదిలించే నూనె కొడుతూ ఉంటే చాలా వరకు కదులుతాయి. వదులు చేసే ముందు ఒక్క పిసరు బిగించే వైపు తిప్పితే తుప్పు పట్టు విరుగుతుంది. ఎంతకీ రాకపోతే బుష్‌కూ బ్రాకెట్‌కూ మధ్య సందులో రంపం బ్లేడు పెట్టి బోల్టును రెండు చోట్ల కోసేయడమే మార్గం. కొత్త బోల్టు ముందే కొని ఉంచుకుంటే ఆ పని చేసేటప్పుడు ప్రాణం హాయిగా ఉంటుంది.

స్ప్రింగు వేరుగా, షాకర్ వేరుగా ఉండే కార్లలో షాకర్‌కు ఇంకో గుట్టు పని ఉంటుంది. చక్రం గాల్లో వేలాడినప్పుడు యాక్సిల్ మరీ కిందికి పడిపోకుండా ఆపేది షాకరే. దాని కింది బోల్టు తీసేస్తే యాక్సిల్ ధబ్బున దిగుతుంది, బ్రేకు హోస్ సాగుతుంది, స్ప్రింగు ఎగిరి బయటపడవచ్చు. అందుకే బోల్టు తీసేముందు స్ప్రింగు గిన్నె దగ్గర రెండో జాకీ ఆనించి కొంచెం పైకి నెట్టి ఉంచాలి. తర్వాత ఆ జాకీని మెల్లగా దించుతూ పోతే స్ప్రింగు బలమంతా పోయి చేతికి వదులుగా వస్తుంది. దించేటప్పుడు ఒక కన్ను బ్రేకు హోస్ మీద, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ మీద, ఏబీఎస్ ఉంటే దాని వైరు మీద ఉండాలి.

షాకర్ చుట్టూ స్ప్రింగు చుట్టి ఒకే కట్టగా ఉండే రకం దీనికి పూర్తిగా భిన్నం. అందులో స్ప్రింగు ఎప్పుడూ నొక్కుకునే ఉంటుంది. ఒక లెక్క చూడండి: మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బలమున్న స్ప్రింగును 15 సెంటీమీటర్లు నొక్కి పట్టాలంటే 3,000 న్యూటన్లు కావాలి, అంటే సుమారు 300 కిలోల బరువు. స్ప్రింగు కంప్రెసర్‌తో ఆ బలాన్ని పట్టుకోకుండా పై నట్టు విప్పితే ఆ 300 కిలోలూ ఎటు వెళ్తాయో మనం చెప్పలేం. మంచి కంప్రెసర్ లేకపోయినా, చేతికి నమ్మకం కుదరకపోయినా ఆ కట్టను ఊడదీసి తీసుకెళ్లి మెకానిక్ దగ్గర స్ప్రింగు మార్పించుకుని తెచ్చుకోవచ్చు. మిగతా పనంతా ఇంట్లోనే చేశామని చెప్పుకోవడానికి అదేం అడ్డు కాదు.

బుష్‌ను కంటిలోంచి తీయడానికి ప్రెస్సే అక్కర్లేదు. పొడవాటి మరబోల్టు, రెండు నట్లు, ఒక పక్క బుష్ కంటే కాస్త పెద్ద గొట్టం, ఇంకో పక్క బుష్ అంచుకు సరిపడే మందపాటి వాషరు ఉంటే నట్టు తిప్పుతూ లాగేయొచ్చు. మొండికేస్తే రబ్బరును డ్రిల్లుతో తొలిచి, బయటి గొట్టాన్ని రంపం బ్లేడుతో ఒక్క గీతలో కోస్తే అది ముడుచుకుని వదులవుతుంది. కంటి గోడ దాకా బ్లేడు దిగకుండా చూసుకోవాలి, అక్కడ పడ్డ గాటు రేపటి పగులు. పాత బుష్ తీసేముందే దాని సందులు ఏ దిక్కుకు ఉన్నాయో ఆర్మ్ మీద గీత గీసి పెట్టుకోండి. ఆ సందులున్న వైపు రబ్బరు మెత్తగా, లేని వైపు గట్టిగా ఉండాలని లెక్క వేసి చేసినవి అవి. దిక్కు మారితే కొత్త బుష్ వేసినా కారు నడక మారిపోతుంది. ఎక్కించేటప్పుడు సబ్బు నీళ్లు చాలు. గ్రీజు, ఇంజన్ ఆయిలు మామూలు రబ్బరును ఉబ్బించి పాడు చేస్తాయి. పాలీయూరిథేన్ బుష్‌లైతే వేరు సంగతి. అవి మెలితిరగవు, నిజంగానే గొట్టం చుట్టూ తిరుగుతాయి. వాటితో వచ్చే ప్రత్యేక గ్రీజు రాయకపోతే కీచుమంటాయి.

కొత్త షాకర్ పెట్టెలోంచి తీయగానే బిగించకండి. పడుకోబెట్టి ఉంచిన షాకర్లలో గాలి నూనె దారిలోకి చేరి ఉండొచ్చు. నిలబెట్టి రాడ్‌ను నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి, లాగి, తడబాటు పోయాక బిగించాలి. రాడ్ తిరుగుతోందని దాన్ని ప్లయర్‌తో పట్టుకోవడం కొత్త షాకర్‌ను చేతులారా చంపుకోవడమే. ఒక్క గీత పడితే అదే సీలును కోస్తుంది. షాకర్లయినా, స్ప్రింగులయినా, బుష్‌లయినా రెండు వైపులా ఒకేసారి మార్చాలి.

బిగించడం

ఇక్కడ తొందరపడితే చేసిన పనంతా కొన్ని నెలల్లో మళ్లీ మొదటికొస్తుంది.

కారు స్టాండ్ల మీద, చక్రాలు వేలాడుతూ ఉన్నప్పుడు బోల్టులు అందుబాటులో ఉంటాయి కాబట్టి అక్కడికక్కడే గట్టిగా బిగించేయాలనిపిస్తుంది. ఆర్మ్ పొడవు 40 సెంటీమీటర్లు, వేలాడే చక్రం తన మామూలు చోటు కంటే 10 సెంటీమీటర్లు కిందికి ఉంది అనుకుందాం. ఆర్మ్ దాదాపు 14 డిగ్రీలు వాలి ఉంటుంది. ఆ స్థితిలో బోల్టు బిగిస్తే లోపలి గొట్టం అక్కడే ఖాయమైపోతుంది. కారును దించగానే ఆర్మ్ పైకి వస్తుంది, రబ్బరు 14 డిగ్రీలు మెలితిరుగుతుంది. కారు ఊరికే నిలబడి ఉన్నా, రాత్రంతా, ఎప్పుడూ, అది పిండిన బట్టలా మెలితిరిగే ఉంటుంది. గతుకు పడితే ఇంకా తిరగాలి. కొత్త బుష్ ఎందుకు ఇంత త్వరగా చిరిగిందని కంపెనీని తిడతాం. పైగా మెలితిరిగిన రబ్బరు స్ప్రింగుకు తోడై కారును కొంచెం ఎత్తుగా నిలబెడుతుంది. 'భలే లేచింది' అని సంతోషిస్తాం, కానీ అది నిలిచే ఎత్తు కాదు.

కాబట్టి బోల్టులన్నీ ముందు చేతి బిగువుకు తెచ్చి, చక్రాలు వేసి, కారును నేల మీదకు దించి, చేత్తో కొంచెం ముందుకీ వెనక్కీ తోసి సర్దుకోనివ్వాలి. అప్పుడు కారు బరువు చక్రాల మీద ఉండగానే బుష్ బోల్టులు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో) మాన్యువల్ చెప్పినంత బిగించాలి. కిందకి దూరడానికి చోటు చాలకపోతే వెనక చక్రాలు గట్టి ర్యాంపుల మీద ఉండేలా చూసుకోవాలి. ర్యాంపుల్లేనివాళ్లు రెండో జాకీతో ఆర్మ్‌ను పైకి లేపి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ దాకా దూరం సరైన ఎత్తుకు వచ్చాక బిగించొచ్చు. స్ప్రింగులు మార్చకపోతే మొదట రాసుకున్న అంకె ఇక్కడ అక్కరకొస్తుంది. కొత్త స్ప్రింగులు వేస్తే ఆ పాత అంకె పనికిరాదు, మాన్యువల్‌లో ఉన్న ఎత్తు చూడాలి. జాకీతో లేపేటప్పుడు కారు స్టాండు మీద నుంచి లేచిపోతోందేమో గమనిస్తూ ఉండాలి. తేలికైన కార్లలో స్ప్రింగు నొక్కుకునే లోపే బాడీ లేచేస్తుంది, అప్పుడు ఈ పద్ధతి వదిలేసి చక్రాల మీదకు దించడమే మేలు.

ఒకసారి విప్పిన నైలాన్ నట్లు (వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉండేవి) మళ్లీ వాడొద్దు. కమాన్ కట్టల యూ-బోల్టులూ అంతే, అవి సాగి ఉంటాయి.

దించాక

మొదటిసారి నెమ్మదిగా, ఖాళీ రోడ్డు మీద నడపండి. బ్రేకు పైపు విప్పి ఉంటే గాలి తీసి, పెడల్ గట్టిగా ఉందని తేలాకే కదలాలి. తిన్నగా వెళ్తున్నప్పుడు స్టీరింగు ఒక పక్కకు తిరిగి ఉంటే వెనక యాక్సిల్ ఏటవాలుగా కూర్చుందేమో చూడాలి. వెనక చక్రాల కోణాలు సర్దే వీలు లేని కార్లకైనా ఒకసారి అలైన్‌మెంట్ కొలిపించడం మంచిది. సర్దే వీలున్నవాటికైతే తప్పదు. ఆ కార్లలో కోణం సర్దే బోల్టుల తలలు విప్పేముందే గీత గీసి ఉంచుకుంటే అలైన్‌మెంట్ దాకా నడుపుకుని వెళ్లడానికైనా పనికొస్తుంది. ముందు లైట్ల దిశ కూడా ఇప్పుడు మారి ఉంటుంది, గోడ మీద వేసి చూసుకోండి.

నా కారుకు రెండోసారి చేసిన పని వెనక స్ప్రింగులు, వెనక యాక్సిల్‌కు ముందు వైపున్న బుష్‌లు మార్చడం. 'టక్' చప్పుడు ఆ రోజే పోయింది. ఎత్తు మాత్రం మొదటి రోజు కొంచెం ఎక్కువగా అనిపించింది. కొత్త స్ప్రింగులు, వాటి కింది రబ్బర్లు కుదురుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. అందుకే వారం నడిపాక, అదే చదునైన నేల మీద, డిక్కీ ఖాళీగా ఉంచి మళ్లీ టేపు పట్టుకోవాలి. చక్రం నట్లు, కింది బోల్టుల బిగువు కూడా అప్పుడే ఒకసారి చూసేసి, ఆ రెండు కొత్త అంకెల్నీ పాత అంకెల పక్కన తేదీతో రాసి పెట్టుకోండి. మళ్లీ ఎప్పుడో కారు కూర్చున్నట్టు అనుమానం వస్తే పోల్చడానికి అవే దిక్కు.